తిరుమల, అరుణాచలం ట్రిప్ బ్యాగ్ రివ్యూ: చర్మానికి ఏది పనికొస్తుంది, ఏది దండగ

నమస్తే అండి. ప్రయాణాల్లో స్కిన్ కేర్ అనగానే అందరూ మొహం దగ్గరే ఆగిపోతారు. సీరం, షీట్ మాస్క్, ఫేస్ మిస్ట్. మరి మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎక్కడికి? తిరుమల, అటునుంచి అటే అరుణాచలం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, చాలామంది రెండూ చెప్పుల్లేకుండానే నడుస్తారు. అక్కడ దెబ్బతినేది మొహం కాదండి. తొడలు, అరికాళ్లు, గుండు చేయించుకుంటే నెత్తి. అందుకని ఈ ట్రిప్‌కి జనం పట్టుకెళ్లేవన్నీ టేబుల్ మీద పెట్టాం. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూద్దాం.

ముందు ఈ చిన్న డబ్బా. పెట్రోలియం జెల్లీ, వాసన లేని మామూలుది. బ్యాగులో ఒక్కటే పెట్టుకోవాలంటే మా ఓటు దీనికే. పంచె కట్టుకుని నాలుగైదు గంటలు నడిస్తే తొడకి తొడ ఒరుసుకుంటుంది. చెమటలో నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. ఆ గరుకుతోనే ముందు ఎర్రబడుతుంది, తర్వాత మంట, ఆ తర్వాత పైతోలు లేచిపోతుంది. మంట మొదలయ్యాక రాస్తే పెద్ద లాభం లేదు. నడక మొదలుపెట్టే ముందే, చర్మం పొడిగా ఉన్నప్పుడు, ఒక్కో తొడకి అర చెంచా. ఇదిగో చేతి మీద చూపిస్తున్నా, ఇలా మెరుస్తూ పైన పొరలా ఉండాలి. ఇంకిపోయేలా రుద్దేస్తే దాని పనే పోతుంది. రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆడవాళ్లు లంగా బొందు బిగిసే చోట నడుముకి కూడా రాసుకోండి, అక్కడ తోలు లేచిందంటే చీర కట్టుకోవడమే నరకం. పంచె కింద మోకాళ్ల దాకా వచ్చే సైక్లింగ్ షార్ట్ వేసుకుంటే ఇంకా మేలు. కాటన్‌ది వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది.

దాని పక్కనే టాల్కం పౌడర్. చాలామంది ఒరుపుకి ఇదే వాడతారు. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకి సరే. మెట్లెక్కేటప్పుడు చెమటలో కలిసి ఉండలు కడుతుంది, ఆ ఉండలే మళ్లీ గీరుతాయి. ఈ ట్రిప్‌కి దండగ.

ఇప్పుడు అరికాళ్లు. ఇదే జెల్లీ పాదాలకి రాసుకుని నడవకండి, మెట్ల మీద జారుతుంది, దుమ్మంతా అంటుకుంటుంది. పాదాల పని బయల్దేరే వారం ముందే మొదలవ్వాలి. మడమలు మందంగా, పగుళ్లతో ఉంటే గట్టి రోడ్డు మీద ఆ పగులు లోపలికి చీలుతుంది. ఈ ట్యూబు యూరియా 20 శాతం ఉన్న క్రీమ్. రోజూ రాత్రి కాళ్లు కడిగి, తుడుచుకుని, మడమలకి రాసి కాటన్ సాక్స్ వేసుకోండి. రక్తం కనిపించే పగులు ఉంటే మాత్రం యూరియా భగ్గున మండుతుంది, అక్కడ జెల్లీ చాలు. ప్యూమిస్ రాయితో మరీ అరగదీసి పాదాలు మెత్తగా చేసుకోకండి. చెప్పుల్లేకుండా నడవాలంటే కొంచెం మందం ఉండాల్సిందే.

మధ్యాహ్నం తారు రోడ్డుకి ఏ క్రీమూ జవాబు కాదు. ప్రదక్షిణ తెల్లవారుజామునో, సాయంత్రం ఎండ దిగాకో మొదలుపెట్టండి. సాక్స్ వేసుకుంటే ఇంకో జత జేబులో ఉండాలి, తడిసిన సాక్స్‌తో బొబ్బలు త్వరగా వస్తాయి. బొబ్బ వస్తే పైతోలు పీకొద్దు, అదే దానికి కట్టు. కడిగి, మెత్తటి ప్యాడ్ ఉన్న ప్లాస్టర్ వేసి వదిలేయండి. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఉన్నమాట చెప్పేస్తాం: స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్న సంగతి కూడా తెలియదు. చెప్పుల్లేకుండా నడవడం గురించి ముందే డాక్టర్‌ని అడగండి. అంతా అయ్యాక ఫోన్ కెమెరాతో రెండు అరికాళ్లూ ఫోటో తీసి చూసుకోండి.

సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 అంటే ల్యాబ్‌లో యూవీబీని, అంటే చర్మాన్ని కమిలించే ఎండ కిరణాలని, 97 శాతం ఆపుతుంది, 50 అంటే 98. కాబట్టి 100 అని రాసినదానికి రెట్టింపు రేటు పెట్టక్కర్లేదు. పక్కన పీఏ ప్లస్‌లు మూడో నాలుగో ఉన్నాయా చూడండి. అది యూవీఏ, అంటే చర్మాన్ని నల్లబరిచే కిరణాల లెక్క. బస్సు పక్క అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏని బాగానే లోపలికి వదులుతుంది. కిటికీ వైపు చెయ్యి నల్లబడేది అందుకే. ఎంత రాయాలి? చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు, అది మొహానికీ మెడకీ. చాలామంది ఇందులో సగం కూడా రాయరు, తర్వాత క్రీమ్ పనిచేయలేదంటారు. ఎండలోకి వెళ్లే పావుగంట ముందు ఒకసారి, ఆపైన రెండు గంటలకోసారి, ముందు చెమట తుడుచుకుని. స్ప్రేలు వద్దు, సగం గాలికి పోతుంది. ఇంకొకటి, ఇదిగో ఇది ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద ఉండిపోయిన ట్యూబు. పిండుతున్నా చూడండి, ముందు నీళ్లు కారాయి, వెనకాల పలుకులు పలుకులుగా క్రీమ్. ఇలా విడిపోయిందంటే రాసినా సమంగా పరుచుకోదు. పారేయండి.

ఇక గుండు. జుట్టు మాటున ఎండే తగలని చర్మం ఒక్కసారిగా బయటపడుతుంది, పైగా ఇప్పుడే బ్లేడు తిరిగింది, కంటికి కనపడని గాట్లు ఉంటాయి. వెంటనే సన్‌స్క్రీన్ రాస్తే మండిపోతుంది. ఆ రోజుకి స్నానం చేసి, పలుచటి కాటన్ టవలో టోపీయో చాలు. మర్నాడు గాట్లు మానాక జింక్ ఆక్సైడ్ ఉన్న లోషన్ రాయొచ్చు, నెత్తి మీద తెల్లగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. గంధం సంగతి కూడా చెప్పాలి. చల్లగా ఉంటుంది, నిజమే. ఎండని మాత్రం ఆపదు. ప్యాకెట్లో దొరికే పొడుల్లో రంగు, సెంటు కలిపి ఉండొచ్చు, దురద మొదలైతే వెంటనే కడిగేయండి. పుట్టు వెంట్రుకలు తీయించిన పిల్లలు ఆరు నెలల లోపు వాళ్లయితే సన్‌స్క్రీన్ వద్దు. టోపీ, నీడ, అంతే.

కాలమైన్ లోషన్ ఉంచండి. చెమటకాయలకి బాగుంటుంది. సీసా బాగా ఊపి దూదితో అద్దాలి, తోలు లేచిన చోట వద్దు. సెంటు వెట్ వైప్స్ తీసేయండి, ఒరుసుకున్న చోట తగిలితే ప్రాణం పోయినట్టుంటుంది.

ఆఖరిది ఈ ట్యూబు. దీని మీద మాకు కోపమే ఉంది. తడి బట్టలతో తిరిగి గజ్జల్లో గుండ్రంగా, అంచులు ఎర్రగా దురద మొదలవుతుంది, అంటే తామర. మెడికల్ షాపులో దురద అనగానే ఇలాంటిది చేతిలో పెడతారు. యాంటీఫంగల్, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ ఒకే ట్యూబులో. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మందు భలే ఉందనుకుంటారు. లోపల ఫంగస్ హాయిగా పాకుతూనే ఉంటుంది, గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. కొనేముందు వెనక చిన్నక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బెటామెథాసోన్ అని స్టెరాయిడ్ పేర్లు ఉంటే అక్కడే తిరిగిచ్చేయండి. ఫంగస్ మందు ఒక్కటే ఉండే ఉత్త క్లోట్రిమజోల్ 1 శాతం అడగండి. రోజుకి రెండుసార్లు, మచ్చ అంచు దాటి ఒక అంగుళం బయటి దాకా రాయాలి, పోయినట్టు కనిపించాక కూడా ఇంకో ఒకటి రెండు వారాలు. రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం ట్యూబు మార్చడం కాదు, చర్మ డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి.