ఆర్కిటెక్టుల సభకి కీనోట్ స్పీకర్‌ని ఎలా వెతకాలి?

(తెర మీద: ఖాళీ వేదిక, ఒక మైకు)

నమస్తే అండీ. కిందటేడు ఒక ఆర్కిటెక్టుల సదస్సుకి కీనోట్, అంటే ముఖ్య ప్రసంగం, చేసే స్పీకర్లని ఎంచే కమిటీలో కూర్చున్నాను. మొదటి మీటింగులో మొదటి ప్రశ్న, "పోస్టర్ మీద ఎవరి ఫొటో వేస్తే రిజిస్ట్రేషన్లు వస్తాయి?" వచ్చినాయన ఏం మాట్లాడతారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు లెండి.

వచ్చారు, పేరున్నాయనే. 45 నిమిషాలనుకున్నది గంటన్నర అయింది, 110 స్లైడ్లు, అన్నీ ఆయన కట్టినవే. మ్యూజియం, రిసార్టు, మళ్ళీ రిసార్టు. వెనక వరసలు మెల్లగా టీ దగ్గరికి జారుకున్నాయి. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఒక్కటే, ఏదో రిసార్టు మెట్ల మీద పడుకున్న పిల్లి.

(తెర మీద: పోర్ట్‌లాండ్, 1968)

ఇప్పుడు ఇంకో సభ చూడండి. 1968 జూన్, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ సదస్సు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి రెండు నెలలు దాటింది, మూడో నెల నడుస్తోంది. వేదిక మీదికి పిలిచింది ఆర్కిటెక్టుని కాదు, నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్‌ని నడిపే విట్నీ యంగ్‌ని. ఆయన మొహమాటపడలేదు. పౌరహక్కుల విషయంలో మీరు చేసిందేమీ లేదు, మీ గొప్పతనమల్లా పిడుగులాంటి మౌనమే అని మొహం మీదే అనేశాడు. 1972లో ఆ ఆర్కిటెక్టుల సంస్థే ఆయన పేరిట ఒక అవార్డు పెట్టింది. తిట్టించుకుని మరీ!

అదే సంస్థ 2015లో బిల్ క్లింటన్‌ని, 2017లో మిషెల్ ఒబామాని పిలిచింది. తప్పని అనను, హాలు నిండాలి కదా. కానీ హాలు నిండడం వేరు, మాట మిగలడం వేరు.

మరి ఆర్కిటెక్టుని పిలవొద్దా? పిలవండి, కానీ ఒక్క బిల్డింగు గురించి చెప్పమనండి. 2022లో ప్రిట్జ్‌కర్, అంటే ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద అవార్డు, అందుకున్న ఫ్రాన్సిస్ కేరే సంగతే తీసుకోండి, బుర్కినా ఫాసోలో తన సొంతూరు గాండోలో ఊరివాళ్ళతో కలిసి మట్టి ఇటుకలతో బడి కట్టాడు, రేకు పైకప్పుని గది సీలింగుకి ఆనించకుండా ఎత్తులో నిలబెట్టి మధ్యలోంచి గాలి ఆడేలా చేశాడు. మే నెలలో రేకుల గదిలో కూర్చున్న ఎవరికైనా అది చాలు, గంటసేపు వింటారు.

అందుకే బయోడేటా పక్కన పెట్టి ముందు ఫోన్ చేయండి. "మావాళ్ళు ఎక్కడ తప్పు చేస్తున్నారండీ?" అని అడగండి. "నా జర్నీ చెప్తాను" అంటే జాగ్రత్త. ఎడిట్ చేయని పాత ప్రసంగం ఒకటి పూర్తిగా చూడండి. స్పాన్సర్ కంపెనీ మనిషికి వేరే టైమివ్వండి, కీనోట్‌లో దూర్చకండి.

ఈసారి నేను ఒక మున్సిపాలిటీ డ్రైనేజీ ఇంజినీరు పేరు చెప్పాను. వానొస్తే మన డిజైన్లు ఎక్కడ మునుగుతాయో ఆవిడకి వీధి వీధీ తెలుసు. ఛైర్మన్ గారు కాసేపు ఆలోచించి అడిగారు: "ఆవిడ ఫొటో ఏమైనా మంచిది ఉందా?"