సీపాప్ వాడేవారికి తెల్లవారేసరికి నోరెందుకు ఎండిపోతుంది?

శ్రోతలకు నమస్కారం.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు సీపాప్ యంత్రం వాడుతున్నవారు మన విశాఖపట్నంలో ఇప్పుడు తక్కువేమీ లేరు. ఈ జబ్బులో గొంతు వెనుక కండరాలు నిద్రలో సడలి, శ్వాసమార్గం మూసుకుపోయి, గురక మధ్యలో ఊపిరి ఆగి, మనిషి ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి అందుకుంటూ ఉంటాడు. మాస్కు గుండా కొద్దిపాటి ఒత్తిడితో గాలిని పంపి ఆ మార్గాన్ని రాత్రంతా తెరిచి ఉంచడం యంత్రం చేసే పని. ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన కాలిన్ సలివాన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1981లో ఈ పద్ధతిని ప్రపంచానికి తెలియజేశారు. జబ్బు గురించి, యంత్రం గురించి ఇంతకు మించి ఈరోజు చెప్పను. నాకున్న కొద్ది సమయాన్నీ ఒకే ఒక బాధకు కేటాయించాలనుకుంటున్నాను. అది తెల్లవారేసరికి నోరు పిడచకట్టుకుపోవడం, గొంతు గరగరలాడడం.

వినడానికి ఇది చిన్న బాధ. కానీ ఈ చిన్న బాధకు తాళలేకనే ఎంతోమంది యంత్రాన్ని అటకెక్కించేస్తారు. నిద్ర పరీక్షలు చేసే విభాగంలో పనిచేస్తున్న నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ నోటి ఎండుదనానికి ఎక్కువ సందర్భాలలో తేలికైన పరిష్కారం ఉంటుంది.

మర్రిపాలెం నుంచి ఒక మాస్టారు తమ భార్యతో కలిసి మా దగ్గరకు వచ్చారు. పదవీ విరమణ చేసిన పెద్దమనిషి, మాట నెమ్మది. "అమ్మా, పడుకునేటప్పుడు బాగానే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంటుంది. మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుంటున్నాను. నీళ్ల కోసం లేవడం ఒకసారి, తాగిన నీళ్లు పోవడానికి లేవడం ఇంకోసారి. ఇక యంత్రం వద్దనిపిస్తోంది" అన్నారు. వెంట తెచ్చిన యంత్రంలో, గాలికి తేమ కలిపే నీటి తొట్టి తెరిచి చూస్తే అడుగున చుక్క నీరు లేదు. "సముద్రం పక్కనున్న ఊరు కదమ్మా, ఏడాది పొడవునా ఉక్కపోతే. గాలి నిండా చెమ్మ ఉంటే మళ్లీ నీళ్లెందుకని పోయడం మానేశాను" అన్నారు.

మాస్టారి ఆలోచనను తేలికగా కొట్టిపారేయకూడదు. ఈ ఊళ్లో చాలామంది ఇలాగే అనుకుంటారు. అందుకని ఒక చిన్న లెక్క చెబుతాను, దయచేసి ఓపికగా వినండి. ఊపిరితిత్తులకు చేరే గాలి శరీరపు వేడికి వేడెక్కి, పూర్తిగా తడిసి ఉండాలి. అంటే ఒక లీటరు గాలిలో సుమారు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉండాలి. బయట 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న మన ఉక్కపోత రోజున కూడా లీటరు గాలిలో ఉండేది సుమారు 23 మిల్లీగ్రాములే. ఇక తలుపులు మూసి, ఏసీని 24 డిగ్రీలకు పెట్టుకున్న గదిలో తేమ 50 శాతానికి దిగితే, అది 11 మిల్లీగ్రాములకు పడిపోతుంది. సముద్రం కిటికీ బయటే ఉంటుంది గాని, యంత్రం పీల్చుకునేది గదిలోని గాలిని.

మిగిలిన 33 మిల్లీగ్రాములను ఎవరు ఇవ్వాలి? ముక్కు ఇవ్వాలి. మామూలుగా ముక్కు లోపలికి పోయే గాలికి తడిని అప్పు ఇచ్చి, బయటికి వచ్చే గాలి నుంచి అందులో కొంత తిరిగి వసూలు చేసుకుంటుంది. అయితే ముక్కుకు మాత్రమే మాస్కు పెట్టుకున్న మనిషి నిద్రలో నోరు తెరిస్తే, ముక్కు గుండా వెళ్లిన గాలి ఊపిరితిత్తుల దాకా పోకుండానే నోటి గుండా బయటికి వచ్చేస్తుంది. ముక్కు ఇస్తూనే ఉంటుంది, తిరిగి వచ్చేది ఏమీ ఉండదు. నిమిషానికి 20 లీటర్ల గాలి అలా పోతోందనుకుంటే, దానిని పూర్తిగా తడపడానికి గంటకు 40 మిల్లీలీటర్ల దాకా నీరు కావాలి. ముక్కూ గొంతూ కలిసి కూడా అంత నీటిని ఊరించలేవు. ఎంత చెమ్మగాలైనా వీస్తూ ఉంటే డాబా మీద ఆరేసిన తడిబట్ట ఆరిపోయినట్టే, గొంతూ ఆరిపోతుంది. పైగా ఎండిన ముక్కు లోపల వాచి బిగుసుకుంటుంది. ముక్కు బిగుసుకుంటే నోరు మరింత తెరుచుకుంటుంది. నోరు తెరుచుకుంటే ముక్కు మరింత ఎండుతుంది. చెంబుల కొద్దీ నీళ్లు తాగినా ఈ చక్రం ఆగదు.

మాస్టారి విషయంలో అసలు సంగతి బయటపెట్టినది వారి భార్య. ఆమె అంతవరకూ మౌనంగా కూర్చున్నారు. "మధ్యరాత్రి ఈయన బుగ్గలు పొంగి, పెదవుల మధ్య నుంచి బుస్సుమని గాలి వస్తూ ఉంటుందమ్మా. మాస్కు బాగా పనిచేస్తోంది కాబోలని ఊరుకున్నాను" అన్నారు. ఆ ఒక్క మాటతో మాకు దారి దొరికింది. యంత్రంలో నమోదైన వివరాలు చూస్తే, గాలి లీకేజీ అర్ధరాత్రి దాటాక బాగా పెరుగుతోంది. మాస్టారికి కట్టుడు పళ్లున్నాయి, పడుకునేముందు తీసి గిన్నెలో పెడతారు. మాస్కు కొలత చూసినది మాత్రం పగటిపూట, పళ్లు పెట్టుకుని ఉన్నప్పుడు. పళ్లు తీస్తే బుగ్గలు లోపలికి పోతాయి, దవడ జారుతుంది, పెదవులకు ఆనిక ఉండదు. దానికి తోడు ఆయన ముక్కు ఒక పక్క ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, తుమ్ములకు వేసుకునే మాత్ర నోటిని ఎండబెడుతుంది.

ముందు తొట్టిలో నీరు పోయించి, తేమను మధ్యస్థంగా అమర్చాము. చెవి, ముక్కు, గొంతు వైద్యుడి సలహాతో పడుకునేముందు ముక్కులో ఉప్పునీటి స్ప్రే మొదలుపెట్టించాము. తుమ్ముల మాత్ర సంగతి వైద్యుడే చూసి మార్చారు. దీనితో కొంత మేలు కలిగింది గాని, దవడ జారడం ఆగలేదు. గడ్డం కింద పట్టీ కడితే మాస్టారికి ఉక్కిరిబిక్కిరిగా ఉండి రెండో రోజే తీసేశారు. చివరకు ముక్కునూ నోటినీ కలిపి కప్పే మాస్కును, పళ్లు తీసి, పడుకోబెట్టి, యంత్రం నడుస్తూ ఉండగా కొలిచి అమర్చాము. మరుసటి వారం మాస్టారు ఫోన్ చేసి, చెంబు వంటింట్లోకి తిరిగి వెళ్లిపోయిందని చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కనుక నా విన్నపం ఒక్కటే. నోరు ఎండుతోందని యంత్రాన్ని కట్టేసేముందు, గాలి ఎక్కడి నుంచి పోతోందో చూడండి. మళ్లీ చెబుతున్నాను, గాలి ఎక్కడి నుంచి పోతోందో చూడండి. పక్కన పడుకునేవారిని కాసేపు గమనించమని అడగండి. ఒంటరిగా ఉండేవారు రాత్రి ఫోన్‌లో శబ్దం రికార్డు చేసుకుని, పొద్దున్న వినవచ్చు. చాలా యంత్రాలు తెర మీద లీకేజీని చూపిస్తాయి కూడా. నోటికి టేపు అంటించుకోవడం గురించి కొందరు అడుగుతున్నారు. ముక్కు బిగుసుకునే వారికి, రాత్రి వాంతి వచ్చే అవకాశం ఉన్నవారికి అది ప్రమాదం. వైద్యుడిని అడగకుండా ఆ పని చేయవద్దు. యంత్రం పంపే గాలి ఒత్తిడిని కూడా మీ అంతట మీరు తగ్గించుకోవద్దు.

నీటి విషయంలో ఒక మాట. తొట్టిలో పోయవలసినది మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీరు పోస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీలకు పోసే నీరు మనుషులు పీల్చే గాలి కోసం తయారు చేసినది కాదు, దాన్ని వాడవద్దు. రాత్రి మిగిలిన నీటిని ఉదయమే పారబోసి, తొట్టిని కడిగి ఆరబెట్టండి. ఏసీ గదిలో తేమను ఎక్కువగా పెట్టుకుంటే గొట్టంలో నీటి బొట్లు చేరి గుడగుడమంటాయి. అప్పుడు తేమను ఒక మెట్టు తగ్గించండి, లేదా గొట్టానికి బట్ట తొడుగు వేయండి. వేడెక్కే గొట్టం అమర్చుకోగలిగితే ఇంకా మంచిది.

లీకేజీ లేకపోయినా, తొట్టి నిండా నీరున్నా నోరు ఎండుతూనే ఉంటే, కారణం యంత్రంలో కాక వేరే చోట ఉండవచ్చు. షుగరు అదుపులో లేకపోవడం, రక్తపోటుకు వేసుకునే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే కొన్ని మాత్రలు, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు నోటిని ఎండబెడతాయి. వాటిని మీరే మానేయకండి, రాసిన వైద్యుడికి చెప్పండి. లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి గనుక పళ్ల డాక్టరుకు కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది. మా వంటి వారి దగ్గరకు వచ్చేటప్పుడు యంత్రం, గొట్టం, మాస్కు, మీరు వేసుకునే మందుల చీటీ, కట్టుడు పళ్లు ఉంటే వాటి గిన్నె, అన్నీ వెంట తెచ్చుకోండి.

నమస్కారం.