లోపలే హార్డ్ డిస్కు ఉన్న టీవీ బాక్సు కొనాలా?

నమస్కారం. దేవరకొండ నుంచి ఒకాయన అడిగారు: "టీవీకి పెట్టే స్ట్రీమింగ్ బాక్సు కొందామనుకుంటున్నాం. లోపలే హార్డ్ డిస్కు ఉన్నది చెప్పండి. మా పెళ్లి వీడియో, పిల్లల వీడియోలు, అమ్మ బతుకమ్మ పాటలు, అన్నీ అందులోనే వేసుకుని టీవీలో చూస్తాం." స్ట్రీమింగ్ బాక్సు అంటే ఇంటర్నెట్ వీడియోలను టీవీలో చూపించే చిన్న పెట్టె. జవాబు ముందే చెప్పేస్తాను. బాక్సు కొనండి, కానీ వీడియోలు దాని కడుపులో దాచకండి, బయట తగిలించుకునే విడి డిస్కులో పెట్టుకోండి.

ఆయన అడిగినలాంటి బాక్సులు ఒకప్పుడు బాగానే వచ్చాయి. 2007లో వచ్చిన మొదటి ఆపిల్ టీవీలో 40 జీబీ హార్డ్ డిస్కు ఉండేది. 2010లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ ఏకంగా 1 టీబీ (దాదాపు వెయ్యి జీబీల) డిస్కుతో ఒక ప్లేయర్ అమ్మింది. జనం ఆన్‌లైన్‌లో చూడటానికి అలవాటు పడ్డాక కంపెనీలు డిస్కును తీసేశాయి. ఇప్పుడు అమెజాన్ వాళ్ల ఫైర్ టీవీ స్టిక్ 4కే లాంటి వాటిలో ఉండేది 8 జీబీ. అందులోనూ సిస్టమ్ తన వాటా తీసుకోగా మిగిలింది యాప్‌లకే సరిపోదు. అట్ట మీద 'స్టోరేజీ' అని రాసి ఉన్నది మన వీడియోల కోసం కాదన్నమాట.

మన వీడియోల బరువు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో తీసిన 4కే వీడియో, అంటే బాగా స్పష్టంగా ఉండే వీడియో, గంటకు ఇరవై రెండున్నర జీబీ అవుతుంది. ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా మూడు గంటలకు కుదించి ఇచ్చినా దాదాపు 67 జీబీ. ఇక బరాత్ వీడియో వేరేగా ఇస్తారు, దాన్ని కుదించమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

"మరి 128 జీబీ, 8కే అని రాసి రెండు మూడు వేలకే అమ్ముతున్నారు కదా?" అంటారు. ఆ పేరులేని ఆండ్రాయిడ్ బాక్సులే నాకు అసలు భయం. 2023 జనవరిలో కెనడాకు చెందిన ఒక సెక్యూరిటీ పరిశోధకుడు టీ95 అనే చవక బాక్సును పరీక్షించి చూస్తే, కొన్నప్పుడే లోపల మాల్‌వేర్, అంటే హాని చేసే దొంగ సాఫ్ట్‌వేర్ ఉంది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 'బ్యాడ్‌బాక్స్ 2.0' పేరుతో హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి పరికరాలు మన ఇంటి ఇంటర్నెట్‌ను మనకు తెలియకుండా నేరగాళ్లకు దారిగా ఇస్తాయి. పైగా వీటిలో చాలావాటికి వైడ్‌వైన్ ఎల్1 అనుమతి ఉండదు. సినిమాలను కాపీ కొట్టకుండా కాపాడే గూగుల్ ఏర్పాటులో పై స్థాయి అది. అది లేకపోతే నెట్‌ఫ్లిక్స్‌కు ఎంత డబ్బు కట్టినా బొమ్మ మసకగానే వస్తుంది. కాబట్టి బాక్సు వెనుక భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పరికరం సర్టిఫై అయిందో లేదో, అంటే గూగుల్ పరీక్షించి ఒప్పుకుందో లేదో కూడా కనిపిస్తుంది. "సినిమాలు నింపి ఇస్తాం" అనే షాపు అయితే ఈ ప్రశ్నలేవీ అడగకుండానే బయటికి రావచ్చు.

ఇక మన ఎండల సంగతి. చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కులకు కంపెనీలు చెప్పే పని వాతావరణం 35 డిగ్రీల లోపు. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడల్లో బయట 44 ఉంటే, టీవీ కింద అద్దం తలుపు వేసిన అరలో, వేడెక్కిన బాక్సు లోపల డిస్కు పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. బయట ఉన్న డిస్కునైతే చూడటం అయిపోగానే తీసి బీరువాలో పెట్టుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు కూడా అంతే, తీసి ఉన్న డిస్కుకు ఏమీ కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఆండ్రాయిడ్ టీవీకి డిస్కు తగిలించగానే కొన్నిసార్లు రెండు దారులు చూపిస్తుంది. ఒకటి, దీన్ని పరికరం స్టోరేజీగా మార్చుకోవడం. రెండోది, తీసి పెట్టుకునే స్టోరేజీగా ఉంచుకోవడం. చాలామంది ఆలోచించకుండా మొదటిది నొక్కేస్తారు. అప్పుడు డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఆ తర్వాత వేసినవి ఆ ఒక్క బాక్సుకే తెలిసిన తాళంతో భద్రమవుతాయి. రేపు పిడుగుకు బాక్సు కాలిపోతే, డిస్కు చెక్కుచెదరకపోయినా కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఎప్పుడూ రెండోదే నొక్కండి. డీటీహెచ్ రికార్డర్ బాక్సులదీ ఇదే తంతు, వాటిలో రికార్డ్ చేసుకున్నవి మరో చోట ఆడవు.

డిస్కు ఎలాంటిది? యూఎస్‌బీతోనే కరెంటు తీసుకునే రెండున్నర అంగుళాలది ఇంటికి చాలు. అయితే టీవీ వెనుక దూర్చే స్టిక్‌లు డిస్కును మోయలేవు. యూఎస్‌బీ పోర్టు ఉన్న బాక్సు కావాలి, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా మార్చే పరికరం) కావాలి. ఫార్మాట్ అంటే డిస్కులో ఫైళ్లను సర్దే పద్ధతి. అందులో ఫ్యాట్32 అనే రకంలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. అంటే పెళ్లి వీడియో కాపీ చేయబోతే "ఫైలు పెద్దది" అని ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే రకమైతే పడుతుంది, కానీ కాపీ అవుతుండగా కరెంటు పోతే తట్టుకోవడంలో ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో రకం మెరుగు. మీ బాక్సు దాన్ని చదువుతుందా అన్నది ముందే చూసుకోండి. అయిదారు వందలకు వచ్చే '2 టీబీ పెన్ డ్రైవ్' జోలికి మాత్రం వెళ్లకండి. అవి 2 టీబీ ఉన్నట్టు చూపిస్తాయి, అసలు సామర్థ్యం నిండాక వేసినవన్నీ పాడవుతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కంప్యూటర్‌లో పరీక్షిస్తే గుట్టు బయటపడుతుంది.

డిస్కు ఒక్కటే కొంటే సగం పనే అయినట్టు. రెండు కొనండి. ఒకటి ఇంట్లో, రెండోది వేరే ఇంట్లో. పాలమూరులో ముంబైలోనో పుణెలోనో అన్నదమ్ములు లేని ఇల్లు తక్కువ కదా, పండగకు వచ్చినప్పుడు ఒక కాపీ వాళ్ల చేతికి ఇచ్చి పంపండి. పాత డీవీడీలు ఉంటే ముందు వాటినే ఎక్కించండి, గీతలు పడిన డీవీడీ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. ఇంట్లో మూడు నాలుగు టీవీలు ఉన్న పెద్ద కుటుంబమైతే పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి అన్ని గదులకూ పంపవచ్చు. దాని గురించి వేరే వీడియో చేస్తాను.

దేవరకొండ అన్నా, షాపుకు వెళ్లేటప్పుడు మీ పెళ్లి వీడియో ముక్క ఒకటి, అమ్మ పాట ఒకటి పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లండి. డబ్బులు ఇచ్చే ముందే ఆడించమనండి. హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన వీడియో ఆగుతూ ఆగుతూ వచ్చినా, డీటీఎస్ రకం ఆడియో ఉన్న ఫైలు బొమ్మ చూపించి మాట వినిపించకపోయినా, ముందు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేయించి ఇంకోసారి చూడండి. అప్పటికీ రాకపోతే వేరే బాక్సు చూపించమనండి.