బ్యాంకు హాల్లో పబ్బు: లండన్ క్రాస్ కీస్ లోపల ఏముంది?

నమస్తే అండీ. స్క్రీన్ మీద మీరు చూస్తున్నది లండన్‌లో బ్యాంకులు, ఆఫీసులు ఉండే 'సిటీ' అనే పాత ప్రాంతంలో, గ్రేస్‌చర్చ్ స్ట్రీట్‌లో 9వ నంబర్ బిల్డింగ్. 1913లో తెరిచారు. కట్టించుకున్నది హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు, అంటే ఇప్పటి హెచ్‌ఎస్‌బీసీ. హైదరాబాద్‌లో దాని ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు మన ప్రేక్షకుల్లోనే బోలెడుమంది ఉంటారు. ఆ బ్యాంకుకి చాలా ఏళ్ళపాటు లండన్ ఆఫీసు ఇదే. ఇప్పుడిది పబ్బు. పేరు క్రాస్ కీస్. నడుపుతున్నది వెదర్‌స్పూన్. యూకేలో చదువుకుంటున్న మన పిల్లలు 'స్పూన్స్' అంటుంటారు చూడండి, ఆ కంపెనీయే.

లోపలికి వెళ్దాం రండి. ఒక్క మాట, జనం మొహాలు పడకుండా తీయాలని కెమెరాని ఎక్కువగా పైకప్పు వైపే పెట్టాను. ఇక్కడ చూడాల్సిందీ పైకప్పే.

అదిగో, ఆ అద్దాల గుమ్మటం. పగటి వెలుతురు దాంట్లోంచి తిన్నగా హాల్లోకి దిగుతోంది. చుట్టూ పాలరాతి స్తంభాలు. రెండు చేతులు చాచి కౌగిలించుకున్నా ఒక్కోటి అందదు. హాలు మధ్యలో గుండ్రంగా తిరిగిన బార్ కౌంటర్. ఒకప్పుడు ఈ హాల్లో గుమాస్తాలు లెడ్జర్లు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. ఇప్పుడు బీరు పంపులు వరసగా ఉన్నాయి. ఇంకో సంగతి మీ చెవికి కూడా తెలుస్తుంది. పాటలు లేవు. వెదర్‌స్పూన్ పబ్బుల్లో చాలావాటిలో మ్యూజిక్ పెట్టరు. అందుకే ఇంత పెద్ద హాల్లో వినిపించేది మాటల హోరు, గ్లాసుల చప్పుడు, అంతే. నాకది చాలా నచ్చింది. పక్కన కూర్చున్నవాళ్ళతో అరవకుండా మాట్లాడొచ్చు.

అసలు బ్యాంకుకి ఇంత ఆర్భాటం ఎందుకు? ఆ రోజుల్లో బ్యాంకు మునిగిపోవడం అరుదైన సంగతేం కాదు. డబ్బు దాచుకునేవాడికి నమ్మకం కలగాలి. రాయి, పాలరాయి, ఎత్తైన కప్పు, బరువైన తలుపులు, ఇవన్నీ కలిసి 'మేం ఎక్కడికీ పోం' అని చెప్పాలి. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పేవి. 'నువ్వు ఎవరు, ఇక్కడ నీకేం పని' అని. 1913లో ఈ గుమ్మం తొక్కింది ఎవరు? ఓడల కంపెనీల వాళ్ళు, టీ, పట్టు, వెండి వ్యాపారం చేసేవాళ్ళు. థేమ్స్ రేవులో ఆ టీ పెట్టెలు మోసిన మనిషికి ఇక్కడ కూర్చునే పని ఎప్పుడూ పడి ఉండదు.

ఆ బ్యాంకు ఎలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. 1865లో హాంకాంగ్‌లో థామస్ సదర్లాండ్ అనే స్కాట్లాండ్ మనిషి మొదలుపెట్టాడు. పి అండ్ ఓ ఓడల కంపెనీ పని మీద వచ్చినవాడు. చైనా, ఇండియా, యూరప్ మధ్య సరుకు తిరుగుతోంది, దానికి పెట్టుబడి కావాలి, అదీ అవసరం. ఆ సరుకులో టీ ఉంది, పట్టు ఉంది, మన దేశంలో పండించి చైనాకి పంపిన నల్లమందు కూడా ఉంది. రెండేళ్ళకే కలకత్తాలో శాఖ తెరిచారు. ఈ పాలరాయి వెనక ఉన్న డబ్బులో ఆ నల్లమందు వ్యాపారం వాటా ఉంది. గుమ్మటం కింద నిలబడి అబ్బురపడటం తప్పేం కాదు, నేనూ అబ్బురపడ్డాను. ఆ సంగతి తెలుసుకుని అబ్బురపడాలి.

ఇంకా వెనక్కి వెళ్దాం. క్రాస్ కీస్ అనే పేరు ఈ పబ్బు కోసం పుట్టించింది కాదు. బ్యాంకు రాకముందు, ఎన్నో వందల ఏళ్ళ క్రితం, ఇక్కడ అదే పేరుతో పెద్ద సత్రం ఉండేది. బళ్ళు, గుర్రాలు, ప్రయాణికులు, మధ్యలో పెద్ద వాకిలి. ఆ సత్రంలో నాటకాలు ఆడేవాళ్ళు. 1594 అక్టోబరులో రాణిగారి కొలువులో పెద్ద హోదాలో ఉన్న లార్డ్ హన్స్‌డన్ లండన్ మేయర్‌కి ఒక ఉత్తరం రాశాడు. తన నాటక బృందాన్ని ఈ చలికాలం క్రాస్ కీస్‌లో ఆడనివ్వమని. ఆ బృందంలోనే షేక్‌స్పియర్ ఉన్నాడు! బ్యాంక్స్ అనే ఒకాయన తన తెలివైన గుర్రంతో ఇక్కడే ఆటలు ఆడించి డబ్బు సంపాదించాడని ఆ కాలపు హాస్య కథల్లో ఉంది. 1666 అగ్నిప్రమాదంలో ఈ ప్రాంతమంతా కాలిపోయింది. తర్వాత సత్రం మళ్ళీ లేచింది, చాలాకాలం గుర్రపు బళ్ళ ప్రయాణికులతో నడిచింది.

అంటే ఈ స్థలం ముందు ఎవరైనా వచ్చి కూర్చునే చోటు. తర్వాత కొద్దిమందికే తలుపు తీసే చోటు. ఇప్పుడు మళ్ళీ ఎవరైనా రాగల చోటు. నాకు ఈ వీడియో చేయాలనిపించింది ఇందుకే.

సరే, బ్యాంకులు పబ్బులుగా ఎందుకు మారాయి? దీనికి వ్యాపార కారణం గట్టిదే ఉంది. వెదర్‌స్పూన్ కంపెనీని మొదలుపెట్టిన టిమ్ మార్టిన్ అనే ఆయన 1979లో ఉత్తర లండన్‌లో, మస్వెల్ హిల్‌లో మొదటి పబ్బు పెట్టాడు. అప్పట్లో బ్రిటన్‌లో పబ్బుల్లో ఎక్కువ భాగం బీరు కంపెనీల సొత్తు. ఆ పబ్బు నడిపేవాడు ఆ కంపెనీ బీరే అమ్మాలి. కొత్తగా వచ్చినవాడికి మంచి పబ్బు దొరకడం కష్టం. అందుకని ఆయన కంపెనీ, అప్పటిదాకా పబ్బులు కాని బిల్డింగుల మీద కన్నేసింది. మూతపడ్డ సినిమా హాళ్ళు, షోరూములు, పోస్టాఫీసులు, బ్యాంకులు. బ్యాంకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతూ పెద్ద పెద్ద శాఖల్ని వదిలేస్తున్న కాలం అది. ఆ హాళ్ళు ఎవరికి పనికొస్తాయి? షాపుకి మరీ పెద్దవి. ఆఫీసుగా మార్చాలంటే గోడ కదిలించనివ్వరు, ఎందుకంటే వీటిలో చాలావరకు లిస్టెడ్ బిల్డింగులు. ప్రభుత్వ జాబితాలోకి ఎక్కిన చారిత్రక కట్టడం అన్నమాట. అనుమతి లేకుండా స్తంభం ముట్టుకోకూడదు, కప్పు మార్చకూడదు. పబ్బుకైతే ఆ విశాలమైన ఖాళీ హాలే కావాలి. అలా కుదిరింది. 1992లో కంపెనీ స్టాక్ మార్కెట్‌కి వెళ్ళింది, ఇప్పుడు దాదాపు 800 పబ్బులున్నాయి.

అన్నీ ఇలాంటి భవనాలని అనుకోకండి. చాలావి మామూలు షాపు వరసల్లోనే ఉంటాయి. కానీ కొన్ని మాత్రం కళ్ళు తిప్పుకోలేం. ఎడిన్‌బరా జార్జ్ స్ట్రీట్‌లో స్టాండింగ్ ఆర్డర్ ఉంది. అదీ పాత బ్యాంకే, 1870ల నాటిది. అక్కడ నగదు దాచిన ఇనప గది అలాగే ఉంది, లోపల బల్ల వేశారు. టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో ఒపెరా హౌస్ ఉంది. 1902లో నాటకశాల, తర్వాత సినిమా హాలు, ఆ తర్వాత బింగో ఆడే చోటు, 1996 నుంచి పబ్బు. బాల్కనీలు అలాగే ఉన్నాయి. ఏడాదికోసారి కుర్చీలు సర్ది నిజంగా ఒపెరా ఆడుతూ వచ్చారు. ఇక రామ్స్‌గేట్‌లో సముద్రం ఒడ్డున రాయల్ విక్టోరియా పెవిలియన్. ఏళ్ళ తరబడి తాళం వేసి పడున్న భవనం, 2017లో బాగుచేసి తెరిచారు. దేశంలో తమ పబ్బులన్నిటిలో పెద్దది అదేనని కంపెనీ చెప్పుకుంది.

ఇంకో చిన్న సంగతి. ఏ స్పూన్స్‌కి వెళ్ళినా కిందకి చూడండి. కార్పెట్ ఒక్కో పబ్బుకి ఒక్కో డిజైన్, ఆ ఊరి చరిత్రతోనో ఆ భవనంతోనో ముడిపెట్టి నేయిస్తారు. గోడల మీద ఆ పేటకి సంబంధించిన పాత ఫొటోలు, నాలుగు ముక్కల చరిత్ర ఉంటాయి. ఇంత శ్రద్ధ పెట్టే చైన్ కంపెనీలు తక్కువ.

అయితే అభ్యంతరాలు లేవా? ఉన్నాయి. తిండి ఏ ఊళ్ళో తిన్నా ఒకటే రుచి. ఎడిన్‌బరా బ్యాంకులోనూ అదే మెనూ, రామ్స్‌గేట్ సముద్రం పక్కనా అదే మెనూ. వంటకి పేరున్న చోటు కాదు, కడుపు నింపే చోటు. దానికంటే పెద్ద అభ్యంతరం ఇంకోటి. వీధి చివర ఒక కుటుంబం నడుపుకునే చిన్న పబ్బు స్పూన్స్ తక్కువ ధరలతో పోటీ పడలేదు. వందల పబ్బులకి కలిపి బీరు కొనే కంపెనీకి వచ్చే బేరం, ఒక్క పబ్బువాడికి రాదు కదా. ఈ మాట ఇక్కడివాళ్ళు బాధగా అంటారు, నాకూ న్యాయమే అనిపిస్తుంది. కానీ ఈ హాలుని ఆ చిన్న పబ్బువాడు ఎప్పటికీ తీసుకోలేడు. దీని కప్పు రిపేరు ఖర్చే అతన్ని ముంచేస్తుంది. ఈ భవనం వరకు చూస్తే చైన్ కంపెనీ రావడమే మంచిదైంది.

మధ్యాహ్నం ఇక్కడ కూర్చున్న జనాన్ని చూడాలి మీరు. సూటు వేసుకున్న ఇన్సూరెన్స్ ఆఫీసు వాళ్ళు ఒక బల్ల దగ్గర. పక్క బల్లలో బిల్డింగ్ పనివాళ్ళు, బూట్లకి ఇంకా సున్నం ఉంది. కిటికీ పక్కన ఒక ముసలాయన పేపరు, కాఫీ ముందు పెట్టుకుని ఒక్కడే. నేను వచ్చినప్పుడు ఉన్నాడు, వెళ్ళేటప్పుడూ ఉన్నాడు, లేవమని ఎవరూ అనలేదు. కాఫీ కప్పు ఒకసారి కొంటే మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు, చాలా బ్రాంచీల్లో ఆ పద్ధతే. చలికాలంలో ఇంట్లో హీటర్ వేయడానికి ఆలోచించుకునే వయసు మళ్ళినవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్ళకి వెచ్చగా, వెలుతురుగా, మనుషుల మధ్య కూర్చునే చోటు ఇలా పాలరాతి హాల్లో దొరుకుతోంది. చిన్న విషయం కాదండీ ఇది.

ఇక్కడ కూర్చుంటే నాకు హైదరాబాద్ గుర్తొస్తూనే ఉంది. మనకి భవనాలు తక్కువా? ఫలక్‌నుమా ప్యాలెస్‌ని అద్భుతంగా బాగుచేశారు, 2010లో తాజ్ వాళ్ళు హోటల్‌గా తెరిచారు. భవనం బతికింది, సంతోషం. కానీ అక్కడ ఒక పూట టీ తాగాలంటే మామూలు ఉద్యోగి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఇంకోవైపు ఎర్రం మంజిల్ ప్యాలెస్. 2019లో దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కడతామన్నారు, హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది కాబట్టి నిలిచింది. నిలవడం వేరు, బతకడం వేరు. కోఠి రెసిడెన్సీ దగ్గర మాత్రం నాకు మనసు నిండుతుంది. 1949 నుంచి అక్కడ ఆడపిల్లల కాలేజీ నడిచింది, ఊరూరి నుంచి వచ్చిన అమ్మాయిలు ఆ మెట్లెక్కి చదువుకున్నారు. బ్రిటిష్ రెసిడెంటు దర్బారు చేసిన చోటు అది. నేను హైదరాబాద్‌లో పబ్బులు పెట్టమనడం లేదు. లైబ్రరీ పెట్టండి, టిఫిన్ సెంటర్ పెట్టండి, ఇరానీ చాయ్ హోటల్ పెట్టండి. పాత భవనంలోకి ఆటో డ్రైవరు కూడా మొహమాటం లేకుండా వచ్చి కూర్చోగలిగేలా ఏదో ఒకటి పెట్టండి అంటున్నాను. జనం రోజూ వాడుకునే భవనాన్ని కూలుస్తామంటే వాళ్ళే అడ్డం పడతారు. టికెట్ కొని ఏడాదికోసారి చూసేదానికి అంతమంది రారు.

ఇక వెళ్ళాలనుకునే వాళ్ళకి. మందు తాగనివాళ్ళు వెళ్ళొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. హాయిగా వెళ్ళొచ్చు. టీ, కాఫీ, జ్యూసు అన్నీ ఉంటాయి, తాగమని ఎవరూ ఒత్తిడి చేయరు. శాకాహారం ఏదో మెనూలో గుర్తు పెట్టి ఉంటుంది. 2022 నుంచి ఇంగ్లాండ్‌లో పెద్ద కంపెనీలు క్యాలరీలు కూడా వేయాలి కాబట్టి అవీ ఉంటాయి. పబ్బులో వెయిటర్ వస్తాడని ఎదురుచూడకండి, కౌంటర్ దగ్గరికి మనమే వెళ్ళి చెప్పాలి, డబ్బు అప్పుడే కట్టేయాలి. స్పూన్స్‌లో అయితే ఫోన్ యాప్‌లో బల్ల నంబర్ కొడితే తెచ్చిస్తారు. మందు కొనాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి, కుర్రగా కనిపిస్తే ఐడీ అడుగుతారు, పాస్‌పోర్టో లైసెన్సో దగ్గర పెట్టుకోండి. ధరలు బ్రాంచిని బట్టి మారతాయి, అయినా సెంట్రల్ లండన్‌లో పక్క పబ్బుల కంటే తక్కువే పడుతుంది. శని, ఆదివారాల్లో సిటీ ప్రాంతం దాదాపు ఖాళీగా ఉంటుంది, తెరిచి ఉందో లేదో చూసుకుని బయల్దేరండి.

మాన్యుమెంట్ స్టేషన్‌లో దిగి, గ్రేస్‌చర్చ్ స్ట్రీట్ మీద ఉత్తరం వైపు నడవండి, కొద్ది నిమిషాలే. కాఫీ అయ్యాక వెంటనే స్టేషన్‌కి పోకండి. పక్కనే లెడెన్‌హాల్ మార్కెట్, 1881 నాటి ఇనుము, గాజు కప్పు. దాన్ని దాటితే గొట్టాలన్నీ బయటికి పెట్టి కట్టిన లాయిడ్స్ బిల్డింగ్ కనిపిస్తుంది. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్నది సరిగ్గా అక్కడే. 1611లో మచిలీపట్నంలో కొఠీ పెట్టి మన అద్దకం బట్టలు కొన్న కంపెనీ, తర్వాత ఉత్తర సర్కారుల్లో శిస్తు వసూలు చేసిన కంపెనీ. ఆ భవనాన్ని 1860ల మొదట్లో నేలమట్టం చేశారు. దాని కథ పెద్దది, వచ్చే వీడియోలో ఆ వీధిలోనే నిలబడి చెప్తాను. మీ ఊళ్ళో పాత భవనం ఏదైనా ఇలా అందరికీ తలుపు తెరిచి నడుస్తుంటే, ఊరి పేరు, భవనం పేరు కామెంట్లో రాయండి. ఇండియా వచ్చినప్పుడు వెళ్ళి తీస్తాను.