కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగిపోతుంది?

అందరికీ నమస్కారం. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "సార్, లక్షలు పోసి మేడ మీద సోలార్ పెట్టించాం. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. వీధిలో కరెంటు పోగానే మా ఇంట్లోనూ పోయింది. ఇదేం సోలార్?" అడగాల్సిన ప్రశ్నే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా దీని జవాబులోనే ఉంది.

మన ఇళ్లలో రెండు రకాల ఇన్వర్టర్లున్నాయి. ఒకటి హాల్లో ఓ మూల బ్యాటరీ పక్కన ఉండే పాత ఇన్వర్టర్. కరెంటు పోగానే అది తనంతట తానే 230 వోల్టుల కరెంటును సెకనుకు 50 సార్లు ఊగే తరంగంగా (అదే 50 హెర్ట్జ్) తయారుచేసి ఫ్యాన్ తిప్పుతుంది. రెండోది మేడ మీది ప్యానెళ్లకు పెట్టే సోలార్ ఇన్వర్టర్. దీనికి సొంత తాళం లేదు. భజనలో వెనక పాడేవాళ్లలాగా, లైన్లో వచ్చే తరంగాన్ని వింటూ ఆ తాళానికే తన కరెంటు కలుపుతుంది. ఆ వినే భాగాన్ని ఫేజ్ లాక్డ్ లూప్ అంటాం. లైన్లో సప్లై పోతే వినడానికి ఏమీ ఉండదు, ఆగిపోతుంది. ఆగి తీరాలని నిబంధన కూడా ఉంది. సప్లై లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ తీగ పట్టుకున్నప్పుడు, మీ ఇంటి నుంచి వెళ్లే కరెంటు అతని ప్రాణం తీయకూడదు కదా.

మూడు కిలోవాట్ల ఇంటికి ఈ పద్ధతి సరిపోతుంది. కానీ కర్నూలు దగ్గర గని, శకునాల భూముల్లో ఉన్న 1000 మెగావాట్ల సోలార్ పార్కులో ఇన్వర్టర్లు కూడా వెనక పాడేవే. మరి ముందు పాడేది ఎవరు? రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల్లో నిమిషానికి 3000 చుట్లు తిరిగే బరువైన రోటార్లు. కుమ్మరి సారె చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చెయ్యి తీసేశాక కూడా అది తిరుగుతూనే ఉంటుంది. గ్రిడ్‌లో, అంటే ఈ కేంద్రాలన్నిటినీ కలిపే లైన్ల వలలో, ఎక్కడో ఒక పెద్ద యూనిట్ హఠాత్తుగా ఆగిపోతే, మిగతా రోటార్లలో ఉన్న ఆ ఊపే మొదటి కొన్ని సెకన్లు లోటును మోస్తుంది. ఎవరూ ఆర్డర్ ఇవ్వక్కర్లేదు. ప్యానెల్లో తిరిగేది ఏదీ లేదు. బొగ్గు యూనిట్లు ఒక్కొక్కటే ఆగుతున్నకొద్దీ ఆ ఊపు తగ్గుతుంది, వెనక పాడేవాళ్లు పెరుగుతారు. నాకున్న టెన్షన్ అదే.

2016లో రెండు సంఘటనలు జరిగాయి. వాటిని మా విద్యార్థులకు ఏటా చెబుతాను. ఆగస్టు 16న దక్షిణ కాలిఫోర్నియాలో కార్చిచ్చు వల్ల 500 కిలోవోల్టుల లైన్ల మీద ఫాల్టులు, అంటే షార్ట్ సర్క్యూట్లు, వచ్చాయి. దాదాపు 1200 మెగావాట్ల సోలార్ ఉత్పత్తి ఒక్కసారిగా పోయింది. ప్యానెళ్లకు మంటలు అంటుకోలేదు. ఫాల్టు వచ్చినప్పుడు తరంగం క్షణకాలం చెదిరింది. చాలా ఇన్వర్టర్లు దాన్ని తప్పుగా చదివి, 60 హెర్ట్జ్ ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 57 కంటే కిందికి పోయిందనుకుని వెంటనే తప్పుకున్నాయి. నిజానికి ఫ్రీక్వెన్సీ 60కి దగ్గర్లోనే ఉంది. నిర్ణయానికి ముందు కొన్ని సెకన్లు ఆగమని సెట్టింగ్ మార్చడమే దానికి విరుగుడు అయింది.

సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలో తుపాను గాలులకు లైన్ల టవర్లు కూలాయి. రెండు నిమిషాల్లోపే వోల్టేజ్ ఆరుసార్లు పడింది. చాలా గాలిమరల కంట్రోల్‌లో "ఇన్నిసార్లకు మించి పడితే తప్పుకో" అనే సెట్టింగ్ ఉంది. గ్రిడ్ నడిపేవాళ్లకే ఆ సంగతి తెలియదు. 456 మెగావాట్లు తగ్గాయి, ఆ లోటంతా పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైన్ మీద పడి అదీ ట్రిప్ అయింది, రాష్ట్రం మొత్తం చీకటైంది. గాలి విద్యుత్తును నమ్మకూడదని అప్పట్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. గాలి ఉంది, మరలూ బాగానే ఉన్నాయి. సెట్టింగ్ మార్చాక అవే మరలు అలాంటి కుదుపులను తట్టుకోగలిగాయి.

ఇంత పెద్దవి వదిలేసి మా ఇంటి సంగతి చెబుతాను. మా కాలనీ ఫీడర్ చివర ఉంటుంది. ఒకప్పుడు మాకు ఎప్పుడూ లో వోల్టేజే, రాత్రి ట్యూబ్‌లైటు కొట్టుకుని కొట్టుకుని గానీ వెలిగేది కాదు. వరసగా ఇళ్లన్నీ సోలార్ పెట్టించుకున్నాక కథ తిరగబడింది. ఓ ఆదివారం పన్నెండున్నరకి మేడెక్కి చూస్తే ఇన్వర్టర్ డిస్‌ప్లే మీద 256, 257, 258... టక్కుమని రిలే చప్పుడు, ఎర్ర లైటు. అందరూ ఒకేసారి కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ వైపు తోస్తే చివర ఉన్నవాడి దగ్గర వోల్టేజ్ పెరుగుతుంది. మంచి ఎండలో నాలుగైదుసార్లు ట్రిప్ అవుతూ సగం ఉత్పత్తి పోయేది. వచ్చిన టెక్నీషియన్ కొత్త వస్తువేదీ పెట్టలేదు. మెనూలో ఒక సెట్టింగ్ మార్చాడు. వోల్టేజ్ పెరిగితే మొదట కొంత రియాక్టివ్ పవర్ (పనేమీ చేయకుండా లైన్లో అటూ ఇటూ ఊగుతూ వోల్టేజ్‌ను పైకీ కిందికీ జరిపే శక్తి) పీల్చుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే ఉత్పత్తిని మెల్లగా తగ్గించాలి, పూర్తిగా ఆగకూడదు. ఆ రోజు నుంచి ట్రిప్పులు లేవు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హాల్లోని ఇన్వర్టర్‌కు సొంత తాళం ఉంది, నలుగురితో కలిసి పాడటం రాదు. మేడ మీదిదానికి కలిసి పాడటం వచ్చు, సొంత తాళం లేదు. ఈ రెండు విద్యలూ ఒక్కదానిలో ఉంటే దాన్ని గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్ అంటాం. వెనక బ్యాటరీ ఉంటుంది. లోడు పెరిగితే తన ఫ్రీక్వెన్సీని రవ్వంత తగ్గించుకోవాలని దాని కంట్రోల్‌లో రాస్తాం. దీన్ని డ్రూప్ అంటారు. లైన్లో ఫ్రీక్వెన్సీ తగ్గడం చూసి మిగతావీ తమ వంతు భుజం వేస్తాయి. వాటి మధ్య ఫోను లేదు, ఇంటర్నెట్ లేదు, ఆ ఫ్రీక్వెన్సీయే కబురు. ఇంకో అడుగు ముందుకేసి, బరువైన రోటార్ ఎలా కదులుతుందో ఆ సమీకరణాన్నే ప్రాసెసర్‌లో పెడితే ఇన్వర్టర్ కూడా కుమ్మరి సారెలా నడుచుకుంటుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోనే హార్న్స్‌డేల్ అనే చోట గ్రిడ్‌కు కలిపిన భారీ బ్యాటరీ 2022 నుంచి ఇలా నడుస్తోంది.

కష్టం ఎక్కడుందో కూడా చెప్పాలి. ఫాల్టు వస్తే రాగి, ఇనుము ఉన్న పాత జనరేటర్ తన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు కాసేపు ఇచ్చి నిలబడుతుంది. ఇన్వర్టర్‌లో ఉండే ట్రాన్సిస్టర్ అలా కాదు, ఒకటిన్నర రెట్లు దాటితేనే ప్రమాదం, మైక్రోసెకన్లలో కాలిపోతుంది. అందుకే కరెంటును బిగపట్టాలి. బిగపడితే తాళం తప్పే భయం. ఈ రెండింటినీ ఒకేసారి కాచుకోవడం మీదే ఇవాళ ప్రపంచమంతా పరిశోధన నడుస్తోంది. మన పిల్లలు ఈ పని అందుకోవాలని నాకు గట్టిగా ఉంది.

పోయిన నెల మా ల్యాబ్‌లో విద్యార్థులు ఇలాంటివి రెండు చిన్న ఇన్వర్టర్లు తయారుచేశారు. రెండూ కలిసి పది 100 వాట్ల బల్బులు వెలిగిస్తున్నాయి, ఫ్రీక్వెన్సీ మీటర్ 49.9 హెర్ట్జ్ చూపిస్తోంది. ఒక అమ్మాయి రెండోదాని స్విచ్ ఆపింది. ఆ అమ్మాయి చెయ్యి వణకడం నాకు కనిపించింది. బల్బులు ఒక్కసారి రెప్పవేసినట్టు మినుక్కుమన్నాయి. మీటర్ 49.8కి దిగి అక్కడే నిలిచింది. పదీ వెలుగుతున్నాయి.