ఫుల్ ట్యాంక్ కొట్టించాం, ఎంతదాకా పోతాం?

వాణి: శీనన్నా, ఇవాళ్టి ప్రశ్న చదువుతున్నా. "నాది స్ప్లెండర్ ప్లస్. ట్యాంకు 9.8 లీటర్లు. 60 ఇస్తోంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, మధ్యలో పెట్రోలు పోయించకుండా వెళ్లి రావచ్చా?"

శీను: కాగితం మీదైతే 588 కిలోమీటర్లు రావాలి. పోను రాను కలిపి 430 చిల్లర. సరిపోయినట్టే కనిపిస్తుంది. అయితే ఆ 60 ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా? షోరూంలో చెప్పారా, పక్కింటాయన చెప్పాడా, తనే కొలిచాడా?

వాణి: కొలిచాడనే అనుకుందాం. ఎట్లా కొలిస్తే నమ్మొచ్చు?

శీను: వంద రూపాయల పెట్రోలు పోయించి, బండి ఆగేదాకా తిప్పి చూడటం లెక్క కాదు. బంకులో మెయిన్ స్టాండు వేయించి, ట్యాంకు మూత లోపల మెడ అడుగు అంచుదాకా పోయించాలి. ట్రిప్ మీటరు సున్నా చెయ్యాలి. కనీసం 250 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే స్టాండు మీద, అదే అంచుదాకా మళ్లీ పోయించాలి. 312 కిలోమీటర్లకు 5.2 లీటర్లు పట్టిందనుకో, 60. మొదటిసారి సైడ్ స్టాండు మీద, రెండోసారి మెయిన్ స్టాండు మీద పోయిస్తే మట్టం మారిపోతుంది, లెక్క మొత్తం తప్పుతుంది.

వాణి: మెడ పైదాకా నింపితే ఇంకాస్త దూరం వస్తుంది కదా అంటారు కొందరు.

శీను: ఎండలో పెట్రోలు ఉబ్బుతుంది. ఆ ఖాళీ దానికోసమే ఉంచారు. పైదాకా నింపి ఎండలో పెడితే మూత దగ్గర కారుతుంది.

వాణి: సరే, 60 నిజమే. మరి 588 పోతుందా?

శీను: 9.8లో చివరి బొట్టుదాకా లెక్కేసుకోకూడదు. ఐదో వంతు వదిలెయ్. 7.8 లీటర్లు చేతిలో ఉన్నాయనుకో. వెనకాల మనిషి, సంచులు, ఘాటు ఎక్కుడు, అన్నీ కలిసి 50కి పడిందనుకుందాం. 390. శ్రీశైలం పోయి తిరుగుదారిలో, హైదరాబాద్ ఇంకా నలభై కిలోమీటర్లు ఉండగానే ఆగిపోతాడు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవే. అక్కడ బంకు దొరుకుతుందని నమ్ముకుని బయల్దేరొద్దు. పోయేటప్పుడు మన్ననూరు రాకముందే నింపుకోవాలి.

వాణి: రిజర్వ్ ఉంది కదా?

శీను: పాత కార్బొరేటర్ బండ్లకు ట్యాంకు కింద పెట్రోలు ట్యాప్ ఉంటుంది. రిజర్వ్‌కు తిప్పి, బంకులో పోయించుకుని, మళ్లీ ఆన్‌కు తిప్పడం మర్చిపోతారు. ఈసారి బండి హెచ్చరిక లేకుండా ఆగుతుంది, తిప్పడానికి రిజర్వ్ మిగలదు. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్-6 అనే కాలుష్య నిబంధనతో వచ్చిన ఇంజెక్షన్ బండ్లకు, అంటే కార్బొరేటర్ బదులు పంపుతో పెట్రోలు చిమ్మే బండ్లకు, ఆ ట్యాప్ లేదు. పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. గేజు అడుగంటేదాకా రోజూ తిప్పితే పంపు తొందరగా పోతుంది.

వాణి: ఇంకో ఫిర్యాదు. "ఇథనాల్ కలిపాక మైలేజీ పడిపోయింది."

శీను: పడిన మాట నిజం, ఎంత పడిందన్నదే గొడవ. లీటరుకు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గుతుంది. అది కూడా అసలు కలపని పెట్రోలుతో పోలిస్తే. ఇదివరకటి 10 శాతంతో పోలిస్తే అందులో సగమే. అంటే 60 ఇచ్చేది 58కి రావచ్చు. 45కి వచ్చిందంటే పెట్రోలును తిట్టి లాభం లేదు, బండిని ఏదో పట్టుకుని లాగుతోంది.

వాణి: పట్టుకుని లాగుతోందంటే?

శీను: మెయిన్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పు. రెండు మూడు చుట్లు స్వేచ్ఛగా తిరగాలి. సగం చుట్టుకే ఆగిపోతే, 'స్స్' మని రాపిడి వినిపిస్తే, బ్రేకు షూలు డ్రమ్ముకు అంటుకుని ఉన్నాయి. పెడల్ ఒక అంగుళం దాకా దిగాక బ్రేకు పట్టాలి. రాడ్డు చివర నట్టును సడలించి సరిచేసుకోవచ్చు.

వాణి: బ్రేకు ఎవరూ ముట్టుకోకుండానే బిగుసుకుంటుందా?

శీను: చైను బిగించినప్పుడు! ఇది చాలామందికి తట్టదు. చైను బిగించడమంటే చక్రాన్ని వెనక్కి జరపడమే. బ్రేకు రాడ్డు పొడవు మారదు కాబట్టి చక్రం వెనక్కి పోయిన కొద్దీ షూ తెరుచుకుంటుంది. చైను సరిచేసి బ్రేకు ముట్టకుండా వదిలేస్తే, ఆ రోజు నుంచే మైలేజీ దిగుతుంది, హబ్బు వేడెక్కుతుంది.

వాణి: చైను లూజు ఎంత ఉండాలి?

శీను: 100 సీసీ బండ్లకు మామూలుగా 25 నుంచి 30 మిల్లీమీటర్లు. నీ బండి మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించు. రెండు పళ్లచక్రాల మధ్య, కింది వరస నడిమిలో స్కేలు పెట్టి, వేలితో పైకీ కిందికీ ఆడించి చూడాలి. ఒక్కచోట చూస్తే చాలదు. చైను అంతటా ఒకేలా అరగదు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, బాగా బిగుతుగా ఉన్నచోట సరిపోయేలా పెట్టాలి. లూజున్నచోట చూసి బిగిస్తే బిగుతున్నచోట చైను తీగలా సాగి బేరింగులు తినేస్తుంది.

వాణి: యాక్సిల్ వదులు చేసి రెండు వైపులా అడ్జస్టర్లు తిప్పాలి...

శీను: అవును, రెండు వైపులా గీతలు ఒకే అంకె మీద ఉండేలా. ఒక వైపు అర గీత ఎక్కువైనా చక్రం వంకరగా నడుస్తుంది, పళ్లు ఒకవైపే అరుగుతాయి. ముందు యాక్సిల్ నట్టు బిగించి, ఆ తర్వాతే బ్రేకు.

వాణి: చైనుకు ఆయిల్ వేసేటప్పుడు ఇంజన్ ఆన్ చేసి గేరులో తిప్పుతారు చూడండి...

శీను: వేళ్లు పోతాయమ్మా! చక్రం చేత్తోనే తిప్పాలి. కిరసనాయిలు, పాత బ్రష్షుతో మురికి తీసి, తుడిచి, ఆరాక చైను లోపలి వైపున గేరు ఆయిల్ చుక్కలు వెయ్యాలి. పది నిమిషాలాగి మిగిలింది తుడిచెయ్యాలి. లేకపోతే దుమ్ము పట్టి, గరుకు కాగితంలా పళ్లను కొరికేస్తుంది. వానలో తడిస్తే ఆ సాయంత్రమే.

వాణి: గాలి?

శీను: చల్లటి టైరుకు ముందు 25, వెనక 28 పీఎస్ఐ, ఒక్కడే ఎక్కితే. ఇద్దరెక్కితే వెనక పెంచాలి, ఎంతన్నది బండి మీది స్టిక్కరు చెబుతుంది. వారానికోసారి చూడాలి. అంతకంటే ఎక్కువగా ఇంజన్ ఆయిల్ మీద తప్పులు చేస్తారు. చౌకగా వచ్చిందని కారు ఇంజన్ ఆయిల్ పోస్తారు. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో రాపిడి తగ్గించే మందులుంటాయి, ప్లేట్లు జారతాయి. ఇంజన్ మోగుతుంది, బండి కదలదు, పెట్రోలు మాత్రం తాగుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (JASO MA, MA2) అని ఉండాలి, ఇలాంటి క్లచ్ ఉన్న బండ్లకు పనికొస్తుందని చెప్పే గుర్తు అది.

వాణి: ఇంజన్ ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, చూడటంలో ఏమైనా మెలిక ఉందా?

శీను: స్ప్లెండర్‌కైతే మెయిన్ స్టాండు మీద, ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు నిమిషాలాగాలి. పుల్లను తుడిచి, మర తిప్పకుండా ఊరికే లోపల ఆనించి తీసి చూడాలి. పై గీత దాటించి పోసినా నష్టమే.

వాణి: శ్రీశైలం ఆయనకు ఏం చెప్పమంటారు?

శీను: బయల్దేరే ముందు రోజు రాత్రి చక్రం చేత్తో తిప్పి చూసుకొమ్మను. దారిలో ఒకసారి ట్యాంకు నింపుకొమ్మను. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, ఆ లెక్కన బయల్దేరమను.