కళ్ళెంట నీళ్లు కారుతుంటే పొడి కళ్ళా?

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న మార్చిలో టంగుటూరు వైపు నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. పొగాకు గ్రేడింగుకు పోతుంది. ఒత్తుకుని ఒత్తుకుని కొంగు చివర తడిసిపోయి ఉంది. పరీక్ష చేసి, "కళ్ళు పొడిబారినాయమ్మా" అన్నాను. ఆమె కొడుకు వంక తిరిగి నవ్వింది. "నీళ్లు కారి చస్తా ఉంటే ఎండిపోయినయ్యంటాడేందిరా ఈ డాక్టరు?"

నవ్వడంలో తప్పు లేదు. కంటి మీది తడి ఒట్టి నీళ్లు కాదు. అడుగున జిగురు, నడుమ నీళ్లు, పైన సన్నటి నూనె తెట్టు. రెప్పల అంచున ఉండే గ్రంథుల నుంచి ఊరే ఆ నూనె తగ్గితే నీళ్లు నిలవవు, ఆవిరైపోతాయి. కన్ను మండుతుంది. ఆ మంటకు కన్నీటి గ్రంథి గాబరాపడి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. అవి చెంపల మీదికి జారిపోతాయే గాని కంటిని అంటిపెట్టుకోవు. రంగు చుక్క వేసి నీలం లైటులో చూస్తాం. రెప్ప కొట్టకుండా 10 సెకన్లయినా పొర చెదరకూడదు. ఆమెకు 4 సెకన్లకే చిట్లింది.

ఎంతమందికి ఉంటుందిది? అడిగే తీరును బట్టి లెక్క మారుతుంది. 2017లో అంతర్జాతీయ నిపుణులు పరిశోధనలన్నీ పోగేసి చూస్తే ఒకచోట నూటికి 5, ఇంకోచోట 50 తేలింది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ 14 లక్షల పైచిలుకు రోగుల రికార్డులు తిరగేస్తే నూటికి ఒకటిన్నరే. గరగర ఉందా అని ఇల్లిల్లూ అడిగితే అంకె పెరుగుతుంది, ఆస్పత్రిలో డాక్టరు తేల్చినవే లెక్కేస్తే తగ్గుతుంది. మన వైపు కళ్ళు గరగరలాడితే వేడి చేసిందనుకుంటారు, ఆస్పత్రిదాకా వచ్చేదెవరు? ఏ లెక్కకూ అందని వాళ్లే ఎక్కువని నా అనుమానం.

వయసు మీదపడే కొద్దీ ఇది ఎక్కువ. ఆడవాళ్లలో, అందునా ముట్లు ఆగిపోయాక, ఇంకా ఎక్కువ. కీళ్లవాతం, షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకూ వస్తుంది. కళ్ళతోపాటు నోరు కూడా పిడచగడుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అది వేరే జబ్బుకు గుర్తు కావచ్చు. జలుబుకూ దురదకూ వాడే కొన్ని మాత్రలు, మొటిమలకు వాడే ఒక రకం బిళ్ళలు, కాంటాక్ట్ లెన్సులు, అద్దాలు మానడానికి చేయించుకునే లేజర్ ఆపరేషన్ కూడా కంటి తడిని తగ్గిస్తాయి.

ఇక మన నేల సంగతి. పొగాకును సెగ పెట్టి ఆరబెట్టే బ్యారన్ కాడ రాత్రంతా పొగలో కూర్చునేవాళ్లు, చీమకుర్తి క్వారీల దుమ్ములో పనిచేసేవాళ్లు, రోహిణి కార్తె వడగాలికి ఎదురు బండి నడిపేవాళ్లు ఒక ఎత్తు. నెల్లూరు కొట్లలో ఏసీ కింద కంప్యూటరు ముందు బిల్లులు కొట్టే పిల్లలు ఇంకో ఎత్తు. మామూలుగా నిమిషానికి 15, 20 సార్లు రెప్ప కొడతాం. తెర చూస్తుంటే అందులో సగం కూడా కొట్టం. కొట్టినా సగమే వాలుస్తాం.

మూసిన కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టుకుంటే నేను వద్దనను, చల్లగా ఉంటుంది. దాని పాలు కంట్లో పిండితేనే తంటా. అంతకన్నా భయపడేది చీటీ లేకుండా మెడికల్ షాపులో తెచ్చుకునే చుక్కల మందుకు. అందులో స్టెరాయిడ్ ఉంటే మంట ఇట్టే తగ్గుతుంది. నెలల తరబడి వాడితే శుక్లాలో, నీటికాసులో (గ్లకోమా) వస్తాయి. నీటికాసుల్లో పోయిన చూపు మళ్లీ రాదు.

టంగుటూరామెకు రెప్పల మీద వేడి గుడ్డ కాపడం, కన్నీటికి బదులు వేసుకునే చుక్కల మందు, పనిలో పెట్టుకోడానికి అద్దాలు చెప్పాను. నెల తర్వాత వచ్చింది. మంట సగం తగ్గిందంది. గ్రేడింగు మాత్రం సీజను అయ్యేదాకా మానదట. అద్దాలేవీ అంటే, చెమటకు మసకేస్తన్నయ్యని కొడుక్కిచ్చేసిందట.